కాదని చూడు

నల్లగొండ, గడియారం సెంటర్ వెనక,
జిరాక్స్ దుకాణం మీది అంతస్తు.
అరవై కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు,
తిరిగేవి రెండు.
ఇస్తారి సారు బోర్డు మీద ప్రకటన రాస్తడు,
కింద ఊహ ఒకటి, ఊహ రెండు.
"చెప్పిన మాట కాదు బిడ్డా,
చెప్పకుండ మింగిన మాట పట్టాలె.
దొరకలేదా, ఊహను కాదని చూడు.
ప్రకటన కూలితే అదే దాని పునాది.
కూలకపోతే గోడకు ఆనిచ్చిన నిచ్చెన,
తీసి పక్కన వెయ్."

ఆ కిటుకు నాకు గజ్జిలెక్క అంటుకుంది.
అక్షరం కనబడితే గోకుడే.

"సరిపడ చిల్లర ఇచ్చి సహకరించండి."
ఊహ: నీ దగ్గర చిల్లర ఉంటది.
ఊహ: కండక్టరు దగ్గర ఉండదు.
దేవరకొండ బస్సుల ఒక్కన్నే నవ్విన,
పక్కసీటు ముసలామె సంచి దగ్గరికి జరుపుకుంది.

"త్వరలో నియామకాలు."
ఊహ: అప్పటిదాక మన వయసు ఆగుతది.

రామగిరిల ఒక గేటుకు అట్టముక్క:
"గది కిరాయికి కలదు. శాకాహారులకు మాత్రమే."
నేనూ లింగస్వామీ దాని ముంగట నిలబడి
లెక్క చేసినట్టే చేసినం.
ఊహ ఒకటి: కూర తినేటోల్లకు చదువొస్తది.
ఊహ రెండు: చదివి, వాళ్లంతట వాళ్లే మర్లిపోతరు,
కాదనే పని ఇంటాయనకు పెట్టరు.
"కడుపుల మంటకు నేను గుడ్డు గూడ మానేసి ఏడాది,"
అని లింగస్వామి గొళ్లెం కొట్టిండు.
తలుపు తీసినాయన కూర సంగతి అడగలె.
ఇంటిపేరు అడిగిండు.
మూడో ఊహ గూడ ఉంటదని ఆనాడు తెలిసింది.
పేపర్ల ఎప్పుడూ రెండే ఇస్తరు.

మాది మర్రిగూడ దిక్కు.
బడి ముంగట బోరింగుకు ఎర్ర రంగు పూసి
"ఈ నీరు త్రాగరాదు" అని రాసిపోయిండ్రు,
నేను పుట్టకముందు.
సారు ఒకనాడు అదే ప్రకటన ఇచ్చిండు,
ఊరి పేరు లేకుండ.
ఊహ ఒకటి: ఆ నీళ్లతోని ఆరోగ్యం చెడుతది.
ఊహ రెండు: తాగనీకె వేరే నీళ్లున్నయి.
జవాబు: ఒకటి మాత్రమే.
నేను లేచిన.
"సార్, రెండోదాన్ని కాదని చూడుండ్రి.
వేరే నీళ్లు లేవు.
అప్పుడా రాత ఏమైతది?"
చాక్‌పీసు వేళ్ల మధ్య తిప్పుకుంట
సారు చానసేపు కిటికీ దిక్కు చూసిండు.
"రాతకేం కాదు బిడ్డా, అట్లనే ఉంటది."

నిజమే, రాత కూలలె.
మా పెద్దనాయన మెడ తిప్పలేకపోయిండు,
పక్కకు చూడాల్నంటే మనిషే తిరగాలె.
ముప్పై ఏండ్లు ఆ అక్షరాల ముంగటనే
బిందె నింపుకొని పోయిండు.
ఆయనకు చదువొచ్చు.

ఇప్పుడు నల్లా వస్తున్నది.
బోరింగు రంగు పెచ్చులూడింది,
పిల్లలు దానికి సైకిల్ ఆనిస్తరు.

రాత్రి క్లాసు అయినంక
మెట్ల కింద సైదమ్మ చాయ్ బండి.
నెలాఖరు. నేను జేబు తడుముతుంటె
"ఉండనియ్ అయ్యా,
నౌకరొచ్చినంక ఒక్కసారే ఇద్దువు," అన్నది.

అలవాటు ఊకుంటదా?
ఊహ ఒకటి: వీనికి నౌకరొస్తది.
కాదని చూసిన. రాలేదనుకో.
ఊహ రెండు: వస్తే ఈ బండి యాదికుంటది.
కాదని చూసిన. మర్చిపోయిండనుకో.
తల ఎత్తేసరికి
ఆమె రెండో గ్లాసు గూడ పోసి పెట్టింది,
ఎందుకో అల్లం ఎక్కువేసి.

ఆమె మాట కూలలె.
సారు లెక్క ప్రకారం
దాని కింద ఏ ఊహా లేనట్టు.
ఇది తప్పో ఒప్పో పైకి పోయి అడుగుదామనుకున్న,
షట్టర్ దించిన చప్పుడైంది.

పొద్దున పరీక్ష. సెంటర్ మిర్యాలగూడ,
ఐదున్నర బస్సు.
గ్లాసు నేనే కడిగి బోర్లించిన.